జి.డి.నాయుడు

జి.డి.నాయుడుగా ప్రసిద్ధుడైన గోపాలస్వామి దొరైస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) తమిళనాడులోని కోయంబత్తూరుకు చెందిన తెలుగు పారిశ్రామికవేత్త, యంత్ర నిపుణుడు, ఆవిష్కర్త. ప్రాథమిక విద్యను మించి బడి చదువు లేని ఈయన, కొన్న ప్రతి యంత్రాన్నీ ఇంటికి తెచ్చి, విప్పి, మరల బిగించి చూసే అలవాటు ద్వారానే యంత్ర విద్యను అభ్యసించాడు. ఒకే ఒక్క బస్సుతో ఆరంభించిన ఈయన రవాణా సంస్థ దక్షిణ భారతదేశంలోని పెద్ద ప్రైవేటు బస్సు సంస్థలలో ఒకటిగా ఎదిగింది. విద్యుత్తు క్షౌర యంత్రం, పలుచని క్షౌరపు బ్లేడులు, ఓట్లను నమోదు చేసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే పంకా, పండ్ల రసం తీసే యంత్రం, చవక రేడియో, రెండు వేల రూపాయల కారు వంటివి ఈయన కార్ఖానా నుండి వెలువడ్డాయి. ఇండియా ఎడిసన్ అనే పేరు ఈయనకు స్థిరపడింది. ఆ పేరు ఎంతవరకు తగినదన్న విషయం ఈ వ్యాసంలో తరువాత చర్చించబడింది.

నేపథ్యం, బాల్యం

విజయనగర రాజుల కాలంలోను, ఆ తరువాత మదుర నాయకుల కాలంలోను తెలుగు నేల నుండి దక్షిణానికి తరలిన అనేక వ్యవసాయ కుటుంబాలు కోయంబత్తూరు ప్రాంతంలోని నల్లరేగడి భూములలో స్థిరపడ్డాయి. వీరు ఇంట తెలుగు, బయట తమిళం మాట్లాడుతూ, పత్తి, పొగాకు, చోళ్ళు పండిస్తూ వచ్చారు. ఇరవయ్యవ శతాబ్దంలో కోయంబత్తూరులో వెలసిన నూలు మిల్లులు, పంపుల కర్మాగారాలు, యంత్ర పరికరాల సంస్థలలో అధిక భాగం ఈ రైతు కుటుంబాల పెట్టుబడితోనే నిర్మించబడ్డాయి. నాయుడు అటువంటి కుటుంబంలో, సూలూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో 1893 మార్చి 23న జన్మించాడు. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారుడు. తల్లి ఈయన పసితనంలోనే మరణించడం వలన బంధువుల ఇంట పెరిగాడు.

బడి పట్ల ఈయనకు ఏనాడూ ఆసక్తి కలుగలేదు. ఉపాధ్యాయులతో తగాదా పడి, వారిపై ఇసుక చల్లి బడి నుండి వెలివేయబడ్డాడన్న కథ కోయంబత్తూరు ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. కుటుంబంవారు ఈయనను పొలం పనికి పంపారు. అక్కడ తీరిక వేళల్లో తమిళ పుస్తకాలు చదువుకొనేవాడు. తరువాతి కాలంలో ఆంగ్లం కూడ బడి సాయం లేకుండానే నేర్చుకున్నాడు.

రడ్జ్ మోటారు సైకిలు

ఈయన జీవితాన్ని మలుపు తిప్పినది ఒక మోటారు సైకిలు. లాంకషైర్ అనే ఆంగ్లేయ రెవెన్యూ అధికారి ఒకరు రడ్జ్ కంపెనీ మోటారు సైకిలుపై ఆ ప్రాంతపు గ్రామాలకు వచ్చేవాడు. ఎద్దుల బండి, గుర్రపు జట్కా తప్ప వేరే వాహనం ఎరుగని పల్లెటూళ్ళో, పశువు లేకుండా దానంతట అది పరుగెత్తే బండిని చూసి యువకుడైన నాయుడు ముగ్ధుడయ్యాడు. అటువంటి బండిని సంపాదించి తీరాలని నిశ్చయించుకున్నాడు.

పొలం పనితో అంత సొమ్ము సమకూరదు. కనుక ఇల్లు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక భోజనశాలలో వడ్డన పనికి కుదిరాడు. సుమారు మూడేళ్ళు అక్కడే పనిచేసి కొన్ని వందల రూపాయలు కూడబెట్టాడు. ఆ సొమ్ముతో అదే అధికారి వద్ద నుండి అదే మోటారు సైకిలును కొన్నాడు. కొన్న పిమ్మట దానిపై ఊరేగకుండా, మొదట దానిని భాగాలుగా విడదీశాడు. విడదీసిన భాగాలను తిరిగి కూర్చి నడిపించాడు. ఈ సంఘటన నాయుడు జీవిత కథలన్నిటిలోను మొదట చెప్పబడుతుంది. అయితే అందులోని కష్టం ఏమిటో సాధారణంగా చెప్పబడదు.

ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణానికి చెందిన రడ్జ్-విట్‌వర్త్ కంపెనీ అప్పటివరకు సైకిళ్ళకు పేరుపడి, 1911లో మోటారు సైకిళ్ళ అమ్మకం ఆరంభించింది. ఆ బండ్లకు ఒకే సిలిండరు ఉండేది. ఇంజను నుండి వెనుక చక్రానికి గొలుసుకు బదులు బెల్టు ద్వారా శక్తి అందేది. బ్యాటరీ ఉండేది కాదు. ఇంజను తిరుగుతున్నపుడు మాగ్నెటో అనే చిన్న అయస్కాంత యంత్రం తానే విద్యుత్తును పుట్టించి, సిలిండరులో నిప్పురవ్వను రగిలిస్తుంది. ఆ రవ్వ పిస్టను పైకి చేరే వేళకు సరిగ్గా పడాలి. విడదీసినవాడు తిరిగి బిగించేటపుడు పళ్ళ చక్రాన్ని ఒక్క పన్ను అటు ఇటుగా అమర్చినా రవ్వ వేళ తప్పుతుంది. భాగాలన్నీ చెక్కు చెదరకుండా ఉన్నా బండి మాత్రం కదలదు. కార్బురేటరులో పెట్రోలు, గాలి కలిసే పాళ్ళు తప్పినా అంతే. పుస్తకం గాని, గురువు గాని లేనివాడు ఆ బండిని నడిపించగలిగాడంటే, ఏ భాగం దేనికొరకు ఉన్నదో, ఏది ముందు, ఏది వెనుక పని చేయాలో అతడు ఊహించి తెలుసుకొని ఉండాలి. ఆ తరువాత ఈయన చేసిన ప్రతి పనిలోను ఇదే పద్ధతి కనిపిస్తుంది. కొనడం, విప్పడం, గమనించడం, బిగించడం, చివరకు తానే చేయడం.

పత్తి వ్యాపారం

మెకానిక్కుగా కొంతకాలం పనిచేసిన తరువాత నాయుడు తిరుప్పూరులో పత్తి నుండి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లును నెలకొల్పాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పత్తికి ఏర్పడిన గిరాకీ వలన ఆ మిల్లు మంచి లాభాలనిచ్చింది. ఆ ధనంతో బొంబాయి పత్తి మార్కెట్టులో ప్రవేశించి, అక్కడి బేరాలలో సర్వం పోగొట్టుకొని తిరిగివచ్చాడు. యంత్రాన్ని ఆసాంతం అర్థం చేసుకొన్నవాడు మార్కెట్టును అర్థం చేసుకోలేకపోయాడు. మరల ఎన్నడూ ఆ దారి తొక్కలేదు.

యూనివర్సల్ మోటారు సర్వీసు

కోయంబత్తూరులో స్థిరపడిన ఆంగ్లేయ వ్యాపారి సర్ రాబర్ట్ స్టేన్స్ (1841 - 1936) ఆ నగరపు పరిశ్రమలకు ఆద్యులలో ఒకడు. కాఫీ శుద్ధి కర్మాగారం, పాఠశాల, నగరంలోని తొలి నూలు మిల్లు ఈయన చొరవతో ఏర్పడినవే. బొంబాయి నుండి ఉత్త చేతులతో తిరిగివచ్చిన నాయుడుకు స్టేన్స్ ప్రోత్సాహమిచ్చి, బస్సు కొనేందుకు అప్పు కూడ ఇచ్చాడు. ఆ విధంగా 1920లో యూనివర్సల్ మోటారు సర్వీసు ఆరంభమైంది. పొల్లాచ్చి నుండి పళనికి నడిచిన ఆ తొలి బస్సుకు నాయుడే డ్రైవరు. సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శనానికి పళని వెళ్ళే భక్తుల వలన ఆ దారిలో ప్రయాణికులకు కొదువ ఉండేది కాదు.

1930వ దశకం నాటికి సంస్థ బస్సుల సంఖ్య రెండు వందలు దాటింది. అయితే బస్సుల సంఖ్య కంటె వాటిని నడిపిన తీరు చెప్పుకోదగినది. ఆ రోజులలో బండి నిండితే గాని బస్సు కదలకపోవడం, దారిలో చెడిపోతే ప్రయాణికులు నడిచి పోవడం మామూలు. నాయుడు బస్సులు వేళకు బయలుదేరి వేళకు చేరేవి. ప్రయాణికులకిచ్చే టిక్కెట్టును ముద్రించే యంత్రాన్ని, ఇంజను ప్రకంపనలను పరీక్షించే పరికరాన్ని తన వర్క్‌షాపులోనే తయారు చేయించాడు. ఇంజను నడిచేటపుడు పుట్టే వణుకును కొలిస్తే, ఏ బేరింగు అరుగుతున్నదో అది విరగక మునుపే తెలుస్తుంది. వైద్యుడు నాడి పట్టి చూడడం వంటిదే ఇది. వందలాది బస్సులున్న సంస్థకు ఇది వేడుక కాదు, అవసరం. ఈయన పరికరాలలో చాలవరకు ఈ విధంగా తన పనిలో ఎదురైన ఇబ్బంది నుండి పుట్టినవే.

విదేశీ యాత్రలు, క్షౌర యంత్రం

1930వ దశకంలో నాయుడు ఐరోపా పర్యటనలు చేశాడు. కర్మాగారాలు చూడడం, నచ్చిన పరికరాలను కొని పెట్టెలలో కోయంబత్తూరుకు పంపించడం ఆ యాత్రల ముఖ్యోద్దేశం. ఫొటోగ్రఫీ, చలనచిత్ర గ్రహణం ఈయనకు ఎంతో ఇష్టమైన వ్యాపకాలు. 1936 జనవరిలో లండనులో జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియల ఊరేగింపును తన కెమెరాతో చిత్రీకరించాడు. జర్మనీలో హిట్లరును, స్వదేశంలో గాంధీ, నెహ్రూ, సుభాష్ చంద్ర బోసులను ఫొటోలు తీశాడు. చలనచిత్ర కెమెరాలో దూరాన్ని సరిచేసే పరికరం ఒకటి ఈయన రూపొందించిన వాటిలో ఉన్నది. అది ఈ వ్యాపకపు ఫలితమే.

ఈయన వస్తువులలో మిక్కిలి పేరు పొందినది రాసంట్ అనే విద్యుత్తు క్షౌర యంత్రం. విద్యుత్తు క్షౌర యంత్రాన్ని ప్రపంచంలో మొదట చేసినది నాయుడు కాదు. అమెరికాలో జేకబ్ షిక్ చేసిన యంత్రం 1931లోనే బజారుకు వచ్చింది. అయితే అటువంటి యంత్రాలు గోడలోని కరెంటుపై ఆధారపడేవి. ఆనాటి భారతదేశంలో కరెంటు ఉన్న ఇళ్ళు బహు తక్కువ. నాయుడు చిన్న మోటారును అమర్చి, టార్చిలైటులో వేసే వంటి పొడి బ్యాటరీలతో నడిచేటట్లు తన యంత్రాన్ని రూపొందించాడు. దీనిని జర్మనీలో తయారు చేయించాడు. బ్యాటరీ శక్తి స్వల్పం కనుక మోటారు తేలికగా తిరగాలి, బ్లేడు పలుచగా, పదునుగా ఉండాలి. ఈయన ప్రత్యేకంగా పలుచని క్షౌరపు బ్లేడుల తయారీపై శ్రద్ధ చూపడం ఈ దృష్టితో చూస్తే సహజమే.

కిరోసిన్ పంకా కూడ కరెంటు లేని ఇంటిని ఉద్దేశించినదే. అప్పట్లో అక్కడక్కడ వాడుకలో ఉన్న కిరోసిన్ పంకాలు సాధారణంగా వేడిగాలి ఇంజను సూత్రంపై పనిచేసేవి. అడుగున చిన్న దీపం వెలుగుతుంటే, లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి పిస్టనును తోస్తుంది. చల్లారినపుడు సంకోచించి వెనుకకు లాగుతుంది. ఆ కదలికతో రెక్కలు తిరుగుతాయి.

కరెంటు మోటారు

నీలగిరులలోని పైకారా జలవిద్యుత్ కేంద్రం 1932-33లో పనిచేయనారంభించడంతో కోయంబత్తూరు ప్రాంతానికి చవకగా కరెంటు అందింది. ఇది ఆ జిల్లా చరిత్రలో ఒక పెద్ద మలుపు. ఒకవైపు నూలు మిల్లులు వరుసగా వెలిశాయి. మరొకవైపు రైతులు బావులపై మోటార్లు పెట్టుకోవాలని ఆశపడ్డారు. కోయంబత్తూరు బావులు లోతైనవి. జత ఎద్దులతో మోట తోలి నీరు తోడడం అటు మనిషికి, ఇటు పశువుకు ప్రాణాంతకమైన పని. కాని అప్పటికి దొరికే మోటార్లన్నీ విదేశాల నుండి దిగుమతి అయ్యేవి. చెడిపోతే భాగాలు కూడ సముద్రం దాటి రావలసిందే.

1937లో నాయుడు, డి.బాలసుందరం నాయుడు కలిసి పీలమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ తరఫున కరెంటు మోటారును తయారు చేశారు. దేశంలో తయారైన తొలి కరెంటు మోటార్లలో ఇది ఒకటిగా, తరచు మొట్టమొదటిదిగా పేర్కొనబడుతుంది. పైకి సామాన్యంగా కనబడే మోటారులో చిక్కు లోపల ఉంటుంది. పలుచని ఉక్కు రేకులను ఒకే కొలతకు కత్తిరించి దొంతరగా పేర్చాలి. వాటి గాడులలో రాగి తీగను లెక్క తప్పకుండా చుట్టాలి. తీగకు తీగ తగలకుండా పూత ఉండాలి. లోపల తిరిగే రోటరుకు, చుట్టూ ఉన్న భాగానికి నడుమ సందు వెంట్రుకవాసి ఉండాలి. అది పెరిగితే శక్తి వృథా, తరిగితే రాపిడి. ఇంత ఖచ్చితంగా పని చేయగల లేతులు, పనివారు అప్పటికే కోయంబత్తూరులో ఉండడం బస్సుల వర్క్‌షాపులు, నూలు మిల్లుల మరమ్మతు షాపుల పుణ్యమే. బాలసుందరం నాయుడు తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించి యంత్ర నిర్మాణంలో ఖ్యాతి గాంచాడు. కోయంబత్తూరు క్రమంగా దేశంలోని మోటారు పంపుల తయారీకి ప్రధాన కేంద్రమైంది. నేటికీ ఆంధ్ర, తెలంగాణ రైతులు బోర్లలో దింపే మోటార్లలో కోయంబత్తూరు పేరున్నవి అనేకం.

డెబ్బై రూపాయల రేడియో

మద్రాసులో ఆకాశవాణి కేంద్రం 1938 జూన్ 16న ఆరంభమైంది. తెలుగు ప్రసారాలు కూడ అక్కడి నుండే వెలువడేవి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న గాని రాలేదు. వినడానికి ప్రసారాలు ఉన్నా, రేడియో పెట్టె మాత్రం ధనికుల ఇళ్ళలోనే ఉండేది. అవి విదేశాల నుండి వచ్చిన ఖరీదైన పెట్టెలు. 1941లో నాయుడు ఐదు వాల్వుల రేడియోను దేశంలోనే 70 రూపాయలకు తయారు చేయగలనని ప్రకటించాడు.

ట్రాన్సిస్టరు పుట్టక మునుపటి రేడియోలో గాజు బుడ్డి వంటి వాల్వులే ప్రాణం. ఐదు వాల్వుల పెట్టెలో సాధారణంగా ఒకటి కేంద్రపు తరంగాన్ని పట్టి వేరొక స్థిరమైన తరంగంగా మారుస్తుంది. రెండవది దానిని పెంచుతుంది. మూడవది అందులోని ధ్వనిని వేరు చేస్తుంది. నాల్గవది ఆ ధ్వనిని స్పీకరుకు సరిపోయేంత బలపరుస్తుంది. ఐదవది గోడ కరెంటును పెట్టెకు అనువుగా మారుస్తుంది. ఈ అమరిక వలన దూరపు కేంద్రాలు కూడ స్పష్టంగా వినబడతాయి. ఇంట్లో కూర్చొని టంకం వేసి రేడియోలు చేసుకొనే ఔత్సాహికులకు ఈ ఐదు వాల్వుల సెట్టు తరువాతి రెండు దశాబ్దాలు పరీక్ష వంటిది. నాయుడు రేడియో తయారీని చేపట్టి, దానిని నేర్పించే పనికి కూడ పూనుకున్నాడు.

విద్య గురించిన అభిప్రాయాలు

1944లో నాయుడు తన మోటారు సంస్థల నిర్వహణ నుండి వైదొలిగి, పరిశోధక విద్యార్థులకు, తన కార్మికులకు, బడుగు వర్గాలవారికి సహాయ పథకాలను ప్రకటించాడు. మరుసటి సంవత్సరం 1945లో కోయంబత్తూరులో ఈయన చొరవతో ఒక పాలిటెక్నిక్కు, ఒక ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. వీటికి అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు పెట్టబడింది. బడి నుండి పారిపోయిన నాయుడే వీటికి ప్రిన్సిపాలు అయ్యాడు. పీలమేడు వద్ద అవినాశి రోడ్డుపై హోప్ కాలేజి అనే కూడలి నేటికీ ఉన్నది. ఆ పేరుతో కాలేజి మాత్రం అక్కడ లేదు. కొత్తగా వచ్చినవారు దాని కొరకు వెదకడం కద్దు. ఆ కళాశాల వేరొక చోటికి తరలి, నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా కొనసాగుతున్నది.

ప్రిన్సిపాలు పదవిలో నాయుడు ఎంతో కాలం నిలువలేదు. నాలుగేళ్ళ ఇంజనీరింగు చదువులో సగం కాలం వృథా అవుతున్నదని, అదే విద్యను రెండేళ్ళలో నేర్పవచ్చునని ఈయన వాదన. కొంత భాగం తరగతిలో, మిగిలినది బయట పనిచేస్తూ నేర్చుకొనే పద్ధతిని ప్రతిపాదించాడు. ప్రభుత్వం అంగీకరించకపోవడంతో రాజీనామా చేశాడు. ఆ తరువాత రేడియో, మోటారు వంటి పనులలో తక్కువ కాలపు శిక్షణ తరగతులను స్వయంగా నడిపాడు. గణితం, భౌతికశాస్త్రం పునాదిగా గల ఇంజనీరింగు విద్యను రెండేళ్ళకు కుదించడం సాధ్యమా అన్నది సందేహమే. తాను నేర్చుకొన్న తీరు అందరికీ సరిపడుతుందని ఈయన భావించినట్లు కనిపిస్తుంది. అయినా లేతు ముట్టకుండానే పట్టా పుచ్చుకొనే ఇంజనీర్ల గురించి ఈయన చేసిన ఫిర్యాదు నేటికీ పాతబడలేదు.

రెండు వేల రూపాయల కారు

1952లో నాయుడు ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారును తయారు చేశాడు. దాని వెల 2,000 రూపాయలు మాత్రమే. ఆనాడు బజారులో ఉన్న కార్లతో పోలిస్తే ఇది అతి స్వల్పం. కాని అదే సంవత్సరం మే నెలలో 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం అమలులోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం మోటారు వాహనాల వంటి పరిశ్రమలు కొత్తగా పెట్టాలంటే కేంద్ర ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. ఉన్న కొద్దిపాటి విదేశీ మారకద్రవ్యాన్ని, ఉక్కును ఎంపిక చేసిన కొన్ని కర్మాగారాలకే కేటాయించాలన్నది నాటి విధానం. నాయుడు కారుకు లైసెన్సు దొరకలేదు. ఉత్పత్తి ఆగిపోయింది.

నమూనా ఒకటి చేయడం వేరు, వేలాది కార్లను అదే వెలకు చేసి అమ్మడం వేరు. కనుక లైసెన్సు లభించి ఉంటే ఆ కారు దేశమంతటా తిరిగేదని చెప్పడం ఊహ మాత్రమే. మధ్య తరగతి కొరకు చేసిన చిన్న కారు భారతీయ రోడ్లపై విరివిగా కనిపించడానికి మాత్రం 1983 డిసెంబరులో మారుతి వచ్చేవరకు ఆగవలసివచ్చింది.

పగులగొట్టిన యంత్రాలు

ప్రభుత్వంతో నాయుడుకు గల తగాదా కారుతో మొదలు కాలేదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిషు ప్రభుత్వం 1940లో అధిక లాభాల పన్నును విధించింది. ఆదాయపు పన్ను అధికారులతో ఈయనకు దీర్ఘకాలం వివాదాలు నడిచాయి. తాను కనిపెట్టిన వస్తువు వలన వచ్చే రాబడిలో అధిక భాగం పన్నుకు పోతే, కొత్త వస్తువు చేయవలసిన అగత్యం ఎవరికున్నదని ఈయన వాదన. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడ పరిస్థితి మారకపోవడంతో, 1950వ దశకం తొలి భాగంలో కోయంబత్తూరులో సభ ఏర్పాటు చేసి, తాను తయారు చేసిన రేడియోలు, క్షౌర యంత్రాలు మొదలైనవాటిని ప్రజల ఎదుట పగులగొట్టించాడు.

ఈ చర్యపై ఆనాడే భిన్నాభిప్రాయాలు వెలువడ్డాయి. సమ్మె, నిరాహార దీక్ష ఎరిగిన దేశానికి, తయారీదారు తన చేతిపనిని తానే ధ్వంసం చేసుకొనే నిరసన కొత్త. ప్రభుత్వ విధానం మీద కోపంతో ప్రజలకు పనికివచ్చే వస్తువులను నాశనం చేయడం తగదని అనేకులు భావించారు. సంపన్నుడైన వ్యాపారి పన్ను ఎగ్గొట్టడానికి వేసిన ఎత్తుగా కొందరు చూశారు. ఆయనను ఈ స్థితికి తెచ్చినవారిదే తప్పని మరికొందరు వాదించారు. ఫలితం మాత్రం ఒక్కటే. ప్రభుత్వ విధానం మారలేదు, వస్తువులు పోయాయి. ఆ తరువాత నాయుడు పేరుతో పెద్ద ఎత్తున బజారును ముంచెత్తిన యంత్రం ఏదీ రాలేదు. మోటారు సైకిలును విప్పి బిగించడంతో ఆరంభమైన జీవితంలో, విడదీసినదానిని తిరిగి బిగించని సందర్భం ఇదొక్కటే.

రాజకీయాలలో నాయుడుకు విజయం దక్కలేదు. 1930వ దశకంలో మద్రాసు రాష్ట్ర శాసనసభ ఎన్నికలలో పోటీచేసి ఓడిపోయాడు. పెరియార్ ఇ.వి.రామస్వామి ఈయనకు ఆప్తమిత్రుడు. ఎవరూ మార్పుచేయడానికి వీలులేని ఓట్ల నమోదు యంత్రాన్ని ఈయన రూపొందించాడు. భారతదేశంలో ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రం మొదటిసారిగా వాడబడినది 1982లో, కేరళలోని పరవూరు నియోజకవర్గంలో. అప్పటికి నాయుడు మరణించి ఎనిమిదేళ్ళు గడిచాయి.

తోట, ఇల్లు

నాయుడు ప్రయోగాలు యంత్రాలతో ఆగలేదు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలలో కొత్త రకాలను గుర్తించి పెంచాడు. మనిషి ఎత్తును మించి పెరిగిన పత్తి మొక్కలు చూపరులను ఆశ్చర్యపరచేవి. సర్ సి.వి.రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఈ తోటను సందర్శించారు. సిద్ధ, ఆయుర్వేద వైద్యాలలో కూడ ఈయనకు ఆసక్తి ఉండేది. పునాది మొదలుకొని ఇంటినంతటినీ ఉదయం ఆరు గంటలకు ఆరంభించి సాయంత్రం ఐదు గంటలకు, అనగా పదకొండు గంటలలో, కట్టించాడని చెబుతారు. సామగ్రి యావత్తు ముందే సిద్ధం చేసుకొని, ఏ పనివాడు ఏ క్షణాన ఏమి చేయాలో లెక్క వేసుకుంటే గాని ఇది సాధ్యం కాదు. బస్సులను వేళకు నడిపిన మనిషికి ఇటువంటి లెక్క కొత్తది కాదు.

ఆవిష్కర్తగా స్థానం

నాయుడును ఎడిసన్‌తో పోల్చడం వాడుకలో స్థిరపడినప్పటికీ, ఆ పోలిక పూర్తిగా సరిపోదు. ఎడిసన్ పరిశోధనశాలలో ఫోనోగ్రాఫు వంటి, అంతకు మునుపు లోకంలో లేని వస్తువులు పుట్టాయి. నాయుడు చేసినవాటిలో అత్యధికం అప్పటికే ఎక్కడో ఉన్న వస్తువులకు మెరుగులు. వాటిని చవక చేయడం, కరెంటు లేని ఊళ్ళలో పనిచేసేటట్లు మార్చడం, స్థానికంగా దొరికే పనివారితో చేయించడం ఈయన ప్రత్యేకత. ఇది చిన్న విషయం కాదు. దిగుమతి వస్తువు చెడిపోతే మూలన పడేసే దేశంలో, దానిని విప్పి చూడవచ్చునని, చూసినదానిని చేయవచ్చునని చూపినవాడు ఈయన. బడికి పోనివారు సైతం యంత్రాలు చేయగలరని నిరూపించాడన్న మాట తరచు వినబడుతుంది గాని, ఈయన చదవనివాడు కాదు. బడిలో చదవనివాడు మాత్రమే.

మరణం, స్మృతి చిహ్నాలు

నాయుడు 1974 జనవరి 4న తన 80వ ఏట మరణించాడు. కోయంబత్తూరులో అవినాశి రోడ్డుపై గోపాల్ బాగ్‌లో ఈయన 1967లో ఏర్పాటు చేసిన పారిశ్రామిక ప్రదర్శనశాల కలదు. ఈయన రూపొందించిన యంత్రాలు, విదేశాల నుండి తెచ్చిన పరికరాలు, తీసిన ఫొటోలు అందులో చూడవచ్చును. కుమారుడు జి.డి.గోపాల్ సంస్థలను కొనసాగించాడు. పాత కార్ల ప్రదర్శనశాల ఒకటి తరువాతి కాలంలో అదే ఆవరణలో ఏర్పడింది. కోయంబత్తూరులోని గీడీ అనే వ్యాపార నామం ఈయన పొడి అక్షరాల నుండి వచ్చినదే. తెలుగు విద్యార్థులు అధికంగా చదివే వేలూరులోని వి.ఐ.టి. విశ్వవిద్యాలయంలో ఒక భవనానికి ఈయన పేరు కలదు. దానిని జి.డి.ఎన్. అని పిలిచే విద్యార్థులలో ఆ అక్షరాలు ఎవరివో ఎరిగినవారు తక్కువ.

ఈయన జీవితంపై ఫిల్మ్స్ డివిజన్ నిర్మించిన డాక్యుమెంటరీకి 2018 సంవత్సరపు జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ శాస్త్ర సాంకేతిక చిత్రం బహుమతి లభించింది. నటుడు ఆర్.మాధవన్ ఈయన పాత్ర ధరించే చలనచిత్రం 2025లో ప్రకటించబడింది. అదే సంవత్సరం అక్టోబరు 9న కోయంబత్తూరులో ఉప్పిలిపాళయం నుండి గోల్డ్‌విన్స్ వరకు అవినాశి రోడ్డుపై నిర్మించిన 10.1 కిలోమీటర్ల వంతెనను తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.కె.స్టాలిన్ ప్రారంభించి, దానికి జి.డి.నాయుడు పేరు పెట్టాడు. వీధుల పేర్లలో కులనామాలను తొలగించాలని ప్రభుత్వం ఆదేశించిన రోజులవి. కనుక నాయుడు అన్న మాటను ఉంచాలా, వద్దా అన్న చర్చ కొంతకాలం నడిచింది. ఆ వంతెన హోప్ కాలేజి కూడలి మీదుగానే సాగుతుంది.